మంచం పక్కన నర్సమ్మ – మన దేహాల చరిత్ర, 9వ భాగం

మన ఆడపిల్లల కేసులు కోర్టులో ఓడిపోతాయనుకుంటాం. చాలా కేసులు అంతకుముందే, ఆస్పత్రిలోనే ఓడిపోతాయి.

1972 మార్చి 26 రాత్రి. మహారాష్ట్రలో అప్పటి చంద్రపూర్ జిల్లా, దేసాయిగంజ్ పోలీస్ స్టేషన్. తలుపులేసి, దీపాలార్పి ఒక ఆదివాసీ బాలికపై అత్యాచారం. తల్లిదండ్రుల్లేని పిల్ల. మర్నాడు రాత్రి 8 గంటలకు గానీ డాక్టరు పరీక్ష జరగలేదు. ఒంటిమీద గాయాల్లేవు, రెండు వేళ్లు తేలిగ్గా పట్టాయి అని రిపోర్టు. స్టేషన్లో, ఖాకీల ముందు ఏ పిల్ల పెనుగులాడగలదు? ఆ ప్రశ్న ఆ కాగితంలో లేదు. హైకోర్టు శిక్ష వేసినా, 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ వదిలేసింది. మథుర కేసంటే ఇదే.

అదే దశాబ్దంలో అమెరికాలో, 1976లో మెంఫిస్‌లో, మరుసటేడు మినియాపొలిస్‌లో, నర్సులు ఈ పని తమ చేతుల్లోకి తీసుకున్నారు. ముందు బాధితురాలి మాట వినడం, ముట్టుకోబోయే ముందు అనుమతి అడగడం, గాయాలు రాయడం, నమూనాలు సీలు చేయడం, కోర్టులో సాక్ష్యం చెప్పడం. 1992లో సొంత సంఘం పెట్టుకున్నారు. ఫోరెన్సిక్ నర్సింగ్ అంటే ఇదే.

ఇక్కడ 2005లో చట్టంలో చేర్చిన, 2024 దాకా అమల్లో ఉన్న 164ఎ ప్రకారం పరీక్ష చేసి రిపోర్టు రాయాల్సింది డాక్టరే. నర్సు పక్కన నిలబడే మనిషి. (మన వాడల నుంచి ఎంతమంది ఆడపిల్లలు నర్సులయ్యారో మీకు తెలుసు. బాధితురాలి యాస, భయం ఎరిగినవాళ్లు వాళ్లే.) 2021లో మార్చిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో ఫోరెన్సిక్ పాఠమైతే చేరింది. రెండు వేళ్ల పరీక్ష తప్పని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో మళ్లీ చెప్పాల్సొచ్చింది. అంటే మధ్యలో మానలేదన్న మాట!

మనకైతే ఆ కాగితం మీదే కూడు కూడా ఆధారపడింది. అట్రాసిటీ నిబంధనల్లో అత్యాచార బాధితురాలికి వచ్చే పరిహారంలో సగం, వైద్య పరీక్ష జరిగి, నిర్ధారణ రిపోర్టు వచ్చాకే.

ఇక హథ్రాస్. నమూనాలు 96 గంటల్లోపు తీయాలని 2014 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్తాయి. దళిత యువతిపై దాడి జరిగింది 2020 సెప్టెంబర్ 14న. మొదటి ఎఫ్ఐఆర్ హత్యాయత్నానికి. నమూనాలు తీసింది 22న. వీర్యం ఆనవాళ్లు లేవు కాబట్టి అత్యాచారమే జరగలేదని పోలీసు అధికారి ప్రెస్ ముందు చెప్పాడు. 2023లో కోర్టు అత్యాచార నేరం ఎవరి మీదా నిలబెట్టలేదు.

ఆ ఎనిమిది రోజులూ ఆమె ఆస్పత్రి మంచం మీదే ఉంది.