కడపలో బ్రౌను దొర బంగళా

శతవార్షికోత్సవ సంచికకు ఏదైనా ఒక పాత కట్టడపు చరిత్ర వ్రాసి పంపుమని సంపాదకవర్గము వారు కోరారు. మందిరాల చరిత్ర వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం నిలువనేరక పడిపోయిన ఒక ఇంటి సంగతి వ్రాయదలచాను. అది మందిరం కాదు, మిషను బంగళా కూడా కాదు. ఒక కుంపిణీ ఉద్యోగి స్వంత ఇల్లు. అయినా బైబిలు ప్రక్కన నిఘంటువు పెట్టుకొని ప్రసంగం సిద్ధపరచుకొనే మన బోధకులు ఆ ఇంటికి కొంత ఋణపడి ఉన్నారు.

ఆ ఉద్యోగి చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌను ఆ నగరంలో పేరున్న పాదిరీ. కుమారుడు 1817లో మద్రాసు చేరి, అక్కడి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద తెలుగు అక్షరాలు దిద్దాడు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. నేడు కడప నగరమైనది గాని, ఆనాడు కచేరీ చుట్టూ అల్లుకొన్న చిన్న పట్టణమే. రెండేండ్లకే బందరుకు బదిలీ అయింది. అక్కడ ఉండగా ఆబే దుబాయి అనే ఫ్రెంచి పాదిరీ వ్రాసిన గ్రంథంలో వేమన పేరు కంటబడింది. పండితులు వేమనను కవిగా లెక్కింపని రోజులవి. దొర మాత్రం పట్టుబట్టి ఆ పద్యాల ప్రతులు సేకరింపసాగాడు.

మరల కడపకు వచ్చినప్పుడు స్వంత డబ్బుతో ఒక బంగళా కొన్నాడు. ఎర్రముక్కపల్లెలో ఉండేది అది. ఉద్యోగికి ఇల్లు కావాలి గనుక కొన్నాడని అనుకోరాదు. ఆ ఇంట దొరకంటె పండితులకూ లేఖకులకే ఎక్కువ చోటు. జనం దానిని ‘బ్రౌను కాలేజి’ అన్నారు. పరీక్షలు లేవు, పట్టాలు లేవు. జీతాలు మాత్రం ఉన్నవి, అవి దొర జేబులోనివి.

అక్కడ జరిగిన పని ఎటువంటిదో కొంచెం చెప్పాలి. ఒక కావ్యానికి ఒక్క తాటాకు ప్రతి దొరికితే సరిపోదు. ఆకులు పురుగు తిని ఉంటాయి, గంటం జారి అక్షరం మారి ఉంటుంది, లేఖకుడు నిదురమత్తులో ఒక పాదం వదిలి ఉంటాడు. కనుక ఊరూరికి మనుషులను పంపి ఒకే గ్రంథానికి పలు ప్రతులు తెప్పించేవాడు. వాటిని కాగితం మీదికి ఎక్కించి, ఒక దానితో ఒకటి సరిచూచి, పాఠభేదాలు గుర్తించి, పద్యాలకు వరుస సంఖ్యలు వేయించేవాడు. కొన్నిటికి పండితులచేత టీకలు వ్రాయించాడు. కడపలో ఈ పనివారి మీద పెత్తనం అయోధ్యాపురం కృష్ణారెడ్డిగారిది. దొరకు వేరే ఊళ్ళకు బదిలీ అయినా ఇక్కడి పని ఆగలేదు. పనివారికి డబ్బు అందుతూనే ఉండేది. అందుకు ఆయన అప్పులపాలైనాడు కూడా. అప్పు చేసి పొలం కొన్నవారిని మనం ఎరుగుదుము; అప్పు చేసి పరుల భాషలోని పద్యాలు వ్రాయించినవాడు అరుదు.

1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో మద్రాసులో అచ్చయినాయి. 1839లో మరల వేసినప్పుడు అవి 1,164 అయినవి. నడుమ 1834లో ఉద్యోగం పోయి దొర ఇంగ్లండు వెళ్ళవలసి వచ్చింది. అక్కడా ఊరకుండక, ఇండియా హౌసులో మూలపడి ఉన్న దక్షిణదేశపు వ్రాతప్రతులను మద్రాసుకు పంపే ఏర్పాటు చేయించాడు. ఆయన నిఘంటువులు 1852–54 మధ్య మద్రాసు వేపేరిలోని క్రైస్తవ జ్ఞాన సంఘపు అచ్చుకూటంలో అచ్చుపడినవి. 1855లో ఈ దేశం విడిచిన బ్రౌను 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూశాడు.

ఇక ఇల్లు. కాపురమున్నవాడు వెళ్ళిన తరువాత ఇంటికి ఏమగునో అదే అయినది. చేతులు మారింది, కప్పు కూలింది, మొండిగోడలు మిగిలాయి. ఈ విషయంలో ఎవరినీ నిందింప నాకు నోరు రాదు. మా సంఘపు పాత బంగళా పడగొట్టినప్పుడు రెండు బాప్తిస్మపు రిజిస్టర్లు వరండాలో ఒక వర్షాకాలమంతా ఉండి చెదలకు పోయినవి. వాటిలో మా తాతగారి పేరు ఉన్నదని మా నాయనమ్మ చెప్పేది. చూచే భాగ్యం నాకు లేకపోయింది. ఆనాడు సంఘపు కార్యదర్శిని నేనే.

కడపవారికి జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు దొరికారు. బ్రౌను జీవితచరిత్ర వ్రాసిన ఈ ఉపాధ్యాయుడు, మొండిగోడలున్న ఆ స్థలంలోనే గ్రంథాలయం లేవాలని పూనుకొని, 1980లలో చందాల కోసం ఇంటింటి గడప ఎక్కారు. పైసా పైసా కూడి భవనం లేచింది. పాత పుస్తకాలు, వ్రాతప్రతులు చేరినవి. అదే నేటి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం దానిని తన ఆధీనంలోకి తీసుకొన్నది. శాస్త్రిగారు 2014లో పరమపదించారు.

ఆ ఇంట వ్రాయించిన సంపుటాలు మాత్రం కడపలో లేవు. బ్రౌను సేకరణను మద్రాసులో అప్పగించి వెళ్ళాడు. అవి నేటికీ చెన్నైలోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నవి. ఆనాటి లేఖకుల చేవ్రాలు చూడగోరేవారు అక్కడికి రైలెక్కవలసిందే.