లింకన్‌కి అండగా నిలిచిన ప్రత్యర్థి

ఎన్నికల్లో ఓడిపోయిన నాయకుడు గెలిచినవాడికి సపోర్ట్ చేస్తే, "అమ్ముడుపోయాడు" అనేస్తాం కదా. ఆ మాట అనేముందు అమెరికా నాయకుడు స్టీఫెన్ డగ్లస్ కథ ఒకసారి వినండి.

1858లో ఇల్లినాయ్ రాష్ట్రం సెనేట్ సీటు కోసం డగ్లస్, లింకన్ ఏడు ఊళ్లలో ముఖాముఖి వాదించుకున్నారు. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదని లింకన్ అంటే, అది అక్కడి తెల్లవాళ్ల ఓటుకే వదిలేయాలని డగ్లస్ అన్నాడు. సీటు డగ్లస్‌కే దక్కింది.

1860 ప్రెసిడెంట్ ఎన్నికల్లో మాత్రం లింకన్ గెలిచాడు. నలుగురి పోటీలో ఆయనకొచ్చిన ఓట్లు 40 శాతం లోపే. ఆయన ప్రమాణం చేయకముందే 7 దక్షిణ రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతున్నామని ప్రకటించాయి.

1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాయి. రెండు రోజులకే డగ్లస్ వైట్ హౌస్‌కి వెళ్లాడు. 75,000 మంది సైనికుల్ని పిలుస్తానని లింకన్ అంటే, రెండు లక్షల మందిని పిలవమని సలహా ఇచ్చాడు! తర్వాత సొంత రాష్ట్రానికి వెళ్లి, తన డెమోక్రాట్ ఓటర్లకు నచ్చజెప్పాడు. అక్కడే జబ్బుపడి జూన్ 3న, 48 ఏళ్లకే చనిపోయాడు.

గమనించారా? డగ్లస్ పార్టీ మారలేదు. లింకన్ భక్తుడూ అయిపోలేదు. బానిసత్వం విషయంలో ఆయన వైఖరి తప్పే. కానీ ఓట్లతో తేలిన ఫలితాన్ని తుపాకీతో మార్చకూడదన్న మాట మీద నిలబడ్డాడు. నాయకుడితో విభేదించడం వేరు, ఎన్నికనే కాదనడం వేరు. ఆలోచించండి.