చార్మినార్ దగ్గరే ఆగిపోయే నగర పరిచయం



యూనివర్సిటీలో సదస్సు అనగానే ఒక బ్రోచర్ వస్తది. చివరి పేజీలో "నగర పరిచయం" ఉంటది. హైదరాబాద్ అయితే చెప్పేదేముంది? 1591, కులీ కుతుబ్ షా, చార్మినార్, గోల్కొండ, ముత్యాలు, బిర్యానీ. తర్వాత ఆర్ట్స్ కాలేజీ ఫోటో. అంతే, నగరం అయిపోయింది.

మాది నాగిరెడ్డిపేట. మెదక్ మీదుగా పట్నం పోయి మొదటిసారి ఆ ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కిన రోజు, ఇంత పెద్ద బిల్డింగు మనది కూడానా అనిపించింది. ఆ ప్రశ్నకు జవాబు బ్రోచర్‌లో దొరకలేదు. చరిత్రలో దొరికింది.

మా మండలంలోని పోచారం ప్రాజెక్టు పనులు నడుస్తున్న కాలంలోనే, 1917లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ యూనివర్సిటీకి ఫర్మానా ఇచ్చిండు. ఇంగ్లీషులో కాకుండా ఉర్దూలో ఉన్నత చదువు చెప్పాలని నిర్ణయించిండు. పుస్తకాల అనువాదానికి ప్రత్యేకంగా ఒక శాఖే పెట్టిండ్రు. వలస పాలన రోజుల్లో అది చిన్న విషయం కాదు. కానీ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడ. వాడల పిల్లలకైతే ఏ భాషలోనైనా బడి గడప దాటడమే గగనం.

అదే 1917 నవంబరులో బెజవాడలో ఇంకో సభ జరిగింది. పంచముల మహాసభ. అధ్యక్షుడు హైదరాబాద్ నుంచి పోయిన భాగ్యరెడ్డి వర్మ. "పంచములు" అనే మాటే మాకొద్దు, మేం ఈ నేల తొలి బిడ్డలమని చెప్పి సభ పేరునే ఆది ఆంధ్ర సభగా మార్పించిండు. పేరు పెట్టే హక్కు మనదే అని చాటిన సభ అది.

ఆయన వట్టి ఉపన్యాసకుడు కాదు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిండు. 1910 నుంచి ఇసామియా బజార్, లింగంపల్లి లాంటి చోట్ల మన పిల్లలకు తెలుగులో బడులు నడిపిండు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ కట్టించిండు. అది మన సభాస్థలి. ఫర్మానాతో కాదు, ఉద్యమంతో లేచిన గోడలవి.

ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాదిరాయి పడింది. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ గీసిన నమూనా. అజంతా, ఎల్లోరా స్తంభాల తీరు, ముస్లిం కట్టడాల కమానులు కలిసిన అందం. 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. భాగ్యరెడ్డి వర్మ అదే ఏడాది ఫిబ్రవరి 18న కన్నుమూసిండు. తొలితరం చదువు కోసం వాడవాడ తిరిగిన మనిషి ఆ తలుపులు తెరుచుకోవడం చూడలేదు.

పదమూడేళ్లు గడిచినయి. 1952లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మరుసటి ఏడాది, 1953 జనవరి 12న, ఉస్మానియా ఇచ్చింది. ఇయ్యాల మనం ఆ క్యాంపస్‌లో గౌరవంగా నిలబడే హక్కుకు అదొక గుర్తు. అయితే ఒక పట్టాతో లెక్క తీరదు. చాదర్‌ఘాట్‌ను మరిచి ఆర్ట్స్ కాలేజీని మాత్రమే గుర్తుపెట్టుకుంటే, మనల్ని రానిచ్చినోళ్ల చరిత్రే మిగులుతది, తలుపు తట్టినోళ్ల చరిత్ర పోతది.

చార్మినార్‌ను తీసెయ్యమని నేననను. దాని పక్కన ఇంకో నాలుగు వాక్యాలకు జాగ ఉంది అంటున్న, అంతే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! భిక్కనూరు సౌత్ క్యాంపస్‌లో చదివినా, ఉస్మానియాలో చదివినా, రేపు సదస్సు పెట్టేది మీరే. బ్రోచర్ రాసేది కూడా మీరే. బయటి నుంచి వచ్చిన అతిథులను చార్మినార్ చూపించినంక చాదర్‌ఘాట్ తీసుకపోండి. నగర పరిచయంలో 1591 తర్వాత 1906 రాయండి. రాయకపోతే, మన పేరు మళ్లీ ఇంకెవరో పెడ్తరు.

జై భీమ్. మిగతాది వచ్చే భాగంలో.