రాజబాబుకు మనం పడ్డ బాకీ

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక టీవీలో పాత సినిమా చూడటం మా నిమ్మనపల్లె ఇంట్లో ఓ ఆచారం. మొన్న రాజబాబు వచ్చాడు. ఆ గొంతు, ఆ మెలికలు తిరిగే ఒళ్ళు, పక్కన రమాప్రభ దబాయింపు! మా అమ్మ పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, ఉన్నట్టుండి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"పాపం, తాగి తాగి పోయినాడు మహానుభావుడు" అంది.

అంతే. ఒక్క మాటలో ఆయన కథ ముగించేసింది. మనమందరం చేసేదీ అదేగా! నాకు మాత్రం ఆ మాట రాత్రిదాకా గుచ్చుకుంటూనే ఉంది.

రాజబాబు అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు. రాజమండ్రి మనిషి. బడిపంతులుగా పాఠాలు చెబుతూ, నాటకాలాడుతూ ఉండేవాడు. గరికపాటి రాజారావుగారి మాట పట్టుకుని మద్రాసు చేరాడు. 1960లో 'సమాజం' సినిమాలో తొలి వేషం. ఆ రోజుల్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుని పొట్టపోసుకున్నాడు. పదేళ్ళు తిరిగేసరికి ఆయన లేని తెలుగు సినిమా అరుదైపోయింది. 'తాత మనవడు'లో ఎస్.వి. రంగారావుగారంతటి నటుడి పక్కన మనవడిగా నిలబడ్డాడు. మా అమ్మావాళ్ళు మదనపల్లెకు సినిమాకెళితే పోస్టరు మీద ముందు వెతికేది హీరోని కాదట, రాజబాబుని!

సంపాదించింది దాచుకునే మనిషీ కాదు. కోరుకొండలో జూనియర్ కాలేజీ కట్టించాడు. ప్రతి ఏడూ తన పుట్టినరోజుకు ఓ పాతతరం కళాకారుణ్ణి పిలిచి సన్మానం చేసేవాడు. అలా శాలువా అందుకున్నవాళ్ళలో రేలంగి ఉన్నారు, సావిత్రి ఉంది. వెలుగు తగ్గినవాళ్ళను జనం ఎలా మరిచిపోతారో ఆయనకు బాగా తెలుసునేమో అనిపిస్తుంది నాకు.

ఎందుకు తెలియదు? ఆయనకంటే ముందు కస్తూరి శివరావు లేడూ! 1949లో 'గుణసుందరి కథ'తో హీరోలతో సమానంగా వెలిగాడు. మరుసటేడు 'పరమానందయ్య శిష్యులు' సినిమాకు తనే దర్శకుడు. చివరికి తాగుడు ఆ వెలుగునంతా మింగేసింది. 1966లో చితికిపోయి కన్నుమూశాడు.

రాజబాబు 1974లో 'ఎవరికి వారే యమునా తీరే', 1976లో 'మనిషి రోడ్డున పడ్డాడు' సొంతంగా తీశాడు. ఆ రెండో సినిమాతో బాగా నష్టపోయాడు. వేషాలు తగ్గాయి, తాగుడు పెరిగింది. మద్యంతో కుప్పకూలిన సావిత్రి ఏడాదిన్నర పైగా కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న పోయింది. ఆమెకు శాలువా కప్పిన రాజబాబు 1983 ఫిబ్రవరి 14న పోయాడు. మధ్య పద్నాలుగు నెలలు కూడా లేవు. ఆయనకు యాభై ఏళ్ళైనా నిండలేదు.

చుట్టూ అంతమంది ఉన్నారు కదా, ఎవరూ ఆపలేదా అంటారు మీరు. ఆ ప్రశ్న మా ఇంట్లోనూ ఉంది. మా చిన్నమామ పెళ్ళిళ్ళలో రాజబాబును అచ్చు దించేసేవాడు. ఆయనా అదే దారి పట్టాడు. మా అత్త తిట్టింది, ఒట్లు వేయించింది, ముడుపులు కట్టింది. బంధువులొస్తే "జ్వరం, పడుకున్నాడు" అని తలుపు దగ్గరగా వేసేది. డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్ళలేదు. "దీనికి డాక్టరెందుకే, సిగ్గుండాల గానీ" అన్నది మా అవ్వ. మామ పోయి పదేళ్ళయింది.

మా మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో క్షయరోగుల కోసం వెలసిన ఆసుపత్రి. ఒకప్పుడు క్షయ అంటే శాపం, వంశదోషం. ఇంట్లో ఒకరికుందంటే ఆ గడపకు పెళ్ళిసంబంధాలు రావు. 1940లలో మందు కనిపెట్టారు. మెల్లగా శాపం కాస్తా జబ్బయింది. ఇప్పుడు దాన్ని దాచిపెట్టి మనిషిని చంపుకునేవాళ్ళను మనమే కోప్పడతాం.

తాగుడూ అలాంటిదే. మొదటి గ్లాసు సరదా కావచ్చు, దిగులు కావచ్చు. అలవాటు ముదిరాక మెదడే మారిపోతుంది, ఒట్లకు లొంగదు. ముదిరిన తాగుడు ఒక్కసారిగా మానిపించినా ప్రమాదమే. వణుకు, ఫిట్స్, ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది. వైద్యుడి కనుసన్నల్లో మందులతో మానిపించాలి. ఆ తర్వాత మనసులోని దిగులుకూ వైద్యం కావాలి, ఇంట్లోవాళ్ళకూ కాస్త ధైర్యం చెప్పాలి. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ సరిగ్గా ఈ పని కోసమే 1980లో మద్రాసులో ఓ సంస్థ ప్రారంభించింది. అంటే రాజబాబు బతికుండగానే! దాచిపెట్టి ఏడవవలసిన ఇల్లాలు నలుగురిలోకి వచ్చి ఆ తలుపు తెరిచింది.

సినిమాలో తాగుబోతు తూలితే మనం విరగబడి నవ్వుతాం. నిజంగా తూలితే మొహం తిప్పుకుంటాం. ఈ రెంటి మధ్యా చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళడమనే పని ఒకటుందని ఎందుకు గుర్తురాదో మీరే చెప్పండి.

ఇదంతా అమ్మతో అన్నాను. ఏమీ మాట్లాడకుండా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. పై ఆదివారం మళ్ళీ రాజబాబు సినిమా. మనవరాలు "అవ్వా, ఈయన ఇప్పుడున్నాడా?" అని అడిగింది.

"లేడమ్మా, జబ్బు చేసి పోయినాడు. మంచి వైద్యం అందుంటే బతికేవాడేమో" అంది మా అమ్మ. ఆ తర్వాత తనే, "మీ చిన్నతాత మాదిరిగా" అని నెమ్మదిగా కలిపింది.