వేవిళ్లకు నూనె మర్దన: పాత వైద్యమా, కొత్త నమ్మకమా?

కడుపుతో ఉన్న పిల్లకు నూనె మర్దన మన పూర్వుల వైద్యమనీ, వేవిళ్లకు అదే మందనీ ఈ మధ్య తరచూ వినిపిస్తోంది. ఇందులో సగమే నిజం.

గోరువెచ్చని నూనెతో నడుము, పక్కలు, వీపు, తొడలు మెల్లగా మర్దించమని చరక సంహిత చెప్పింది నొప్పులు పడుతున్న స్త్రీకి. బాలింతకు నూనె పట్టించి వేణ్నీళ్లు పోయడం మన ఇళ్లన్నిటా ఉన్నదే. తెలంగాణ పల్లెల్లో మంత్రసాని పని కూడా ఎక్కువగా కాన్పుతో మొదలై పురుడుతో ముగిసేది. నెల తప్పిన కొత్తలో, గుక్కెడు మంచినీళ్లు కూడా కడుపులో నిలవని దశలో, మర్దన ఊసు అరుదు. పైగా అజీర్ణంతో ఉన్నవారికీ, వమనాది (వాంతి చేయించడంలాంటి) శోధనలు అయినవారికీ అభ్యంగం, అంటే నూనె మర్దన, వద్దని వాగ్భటుడి అష్టాంగహృదయం చెబుతుంది. వేవిళ్ల పేరెత్తకపోయినా ఆ నియమం ఎటు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది. మన ఇళ్లు వేవిళ్లకు చూపిన దారి వేరు: నిమ్మకాయ, అల్లం, పేలాలు, పోపు వాసన తగలని గది, వీలైతే తల్లిగారిల్లు.

మరి మర్దన ఎక్కడి నుంచి వచ్చింది? నా లెక్కలో దీని వెనక ఉన్నది థాలిడోమైడ్. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికొచ్చి, నిద్రకూ వేవిళ్లకూ వాడిన ఆ మందు వల్ల వేలాది మంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టారు. 1961లో దాన్ని ఆపేశారు. వేవిళ్లకే వాడిన బెండెక్టిన్‌ను, హాని రుజువు కాకపోయినా, దావాల తాకిడికి 1983లో అమెరికాలో తయారీదారే మానుకున్నాడు. (అదే డాక్సిలమిన్–పిరిడాక్సిన్ జోడీకి 2013లో అక్కడ మళ్లీ అనుమతి వచ్చింది; మన డాక్టర్లు ఈనాటికీ రాస్తున్నదీ అదే.) మందంటే పుట్టిన ఈ భయం మణికట్టు నొక్కుళ్లకూ మర్దనకూ చోటిచ్చింది. భయమొక్కటే కారణమనను. రోగిని చేత్తో తాకడం తమ పనిలో భాగమేనని నర్సులు మళ్లీ గుర్తించడమూ దానికి తోడైంది.

మయామీలో స్పర్శ పరిశోధన సంస్థను 1992లో స్థాపించిన టిఫనీ ఫీల్డ్, తన బృందంతో 1999లో 26 మంది గర్భిణుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. వారానికి రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున, 5 వారాలు. మర్దన పొందినవారిలో ఆందోళన తగ్గింది, నిద్ర బాగుపడింది. అయితే అది వాంతుల మీద చేసిన పరీక్ష కాదు. వాంతులతో ఆస్పత్రిపాలైన స్త్రీల దగ్గరికి వెళ్లింది స్వీడన్ పరిశోధకులు ఆగ్రెన్, బెర్గ్. వారి 2006 నాటి వ్యాసానికి ఆధారం 10 మంది స్త్రీల మాటలు. మెత్తని స్పర్శతో ఒళ్లు సేదతీరిందనీ, తమ శరీరం మళ్లీ తమదైనట్టు అనిపించిందనీ వాళ్లు చెప్పారు. పోల్చి చూడడానికి మరో జట్టు లేదు కాబట్టి వాంతులు తగ్గాయని తేల్చలేం. అయినా రోజంతా బకెట్ పక్కనే పడి ఉన్న మనిషికి కాసేపు గుండె కుదుటపడడం చిన్న సంగతి కాదు. మాయ నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి మెదడు మీద పనిచేయడమే ఈ తీవ్ర వాంతులకు ముఖ్య కారణమని 2023లో బలమైన ఆధారాలు దొరికాయి. దాన్ని మర్దన ఆపలేదు. తగ్గించగలిగింది భయాన్నే.

హైదరాబాద్ శివారులోని కిష్టారెడ్డిపేటలాంటి చోట, వాంతులు తగ్గడానికీ భయం తగ్గడానికీ ఉన్న ఈ తేడా తెలిసి ఉండాలి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలను నమ్ముకుని వచ్చిన కుటుంబాలు అక్కడివి. భర్తది నైట్ షిఫ్టు, అమ్మ ఎక్కడో దూరాన, గాలి ఇటు తిరిగితే రసాయనాల వాసన. 2019–20 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే, 60.7 శాతం సిజేరియన్లు. ఆస్పత్రి ప్రాణాలు నిలిపింది, కానీ మంత్రసాని చేతి ఓదార్పును లోపలికి రానివ్వలేదు. ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి రాష్ట్రం 2017లో మొదలుపెట్టిన మిడ్‌వైఫ్ శిక్షణ మంచి అడుగే గానీ, దాని చూపు ఎక్కువగా కాన్పు మీదే.

మర్దన చేసేవారు వాసన లేని నూనె తీసుకోవాలి, తిన్న వెంటనే చేయకూడదు. పాదాలు, చేతులు, భుజాలు చాలు. ఒంట్లో నీరు తగ్గి మంచం పట్టిన గర్భిణికి కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పుంది, పిక్కలు గట్టిగా పిసకరాదు. బరువు నూటికి ఐదు పాళ్లు తగ్గినా, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తున్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. గ్లూకోజు ఎక్కించే ముందు థయామిన్ ఇమ్మని అడగాలి. ఇక విశ్రాంతి. గర్భం వల్ల వచ్చిన జబ్బుకు, ప్రసూతి సెలవు కాక, ఇంకో నెల దాకా చట్టం జీతంతో సెలవిస్తుంది, ఈఎస్ఐలోనూ ఆ వెసులుబాటుంది. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు మర్దన మాట కన్నా ముందు ఈ సెలవు సంగతి చెప్పాలి.