రైలు కూత – గేటు కాపలా

కోనసీమవాసులకు దాటుట యనిన నీటిని దాటుటయే. గౌతమీ, వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ కాలువలకును లాకులకును రేవులకును అలవాటుపడిన ఈ సీమలో పట్టాలు దాటవలసిన అగత్యము జనులకు కలుగలేదు. అమలాపురమునుండి రైలునందుకొనగోరువారు ముక్తేశ్వరము రేవున పడవయెక్కి గౌతమిని దాటి కోటిపల్లి చేరవలసియుండెను; 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి మార్గము ఆవలి యొడ్డుననే ఆగిపోయెను. ఆ పట్టాలను సైతము రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940లో, ఊడబెరికి యుద్ధావసరములకు తరలించిరి. పన్నెండేండ్లు వినవచ్చిన కూత అరువదేండ్లకు పైగా మూగవోయి, 2004లో మరల మొదలయ్యెను. రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా కొంతకాలము ఒంటిపెట్టె రైలుబస్సు తిరిగినది.

కూతకు జన్మస్థానము ఇంగ్లండు. 1833లో లీస్టరు–స్వానింగ్టను మార్గమున, థార్న్‌టను గ్రామమువద్ద సాంసన్ అను ఆవిరియంత్రము వెన్నయు కోడిగ్రుడ్లును సంతకు గొనిపోవు నొక బండిని గ్రుద్దెననియు, డ్రైవరు నోటితో ఊదిన కొమ్ముబూర బండివానికి వినరాలేదనియు, పిమ్మట జార్జి స్టీఫెన్‌సన్ ఆమోదముతో లీస్టరులో వాద్యములు చేయు శిల్పి యొకడు ఆవిరితో మ్రోగు బూరను తయారుచేసెననియు ప్రతీతి. చరిత్రకారులలో కొందరు దీనిని నమ్మరు. వేల్సులోని డౌలైస్ ఇనుపకర్మాగారమున ఏడ్రియన్ స్టీఫెన్స్ అనునాతడు చేసిన ఆవిరి ఈలను ముందు నిలుపుదురు. నాకును ఈ రెండవ వాదమే సమంజసముగా తోచుచున్నది, గాని చెప్పుకొనుటకు వెన్నకుండల కథయే రుచిగా నున్నదని ఒప్పుకొనక తప్పదు.

ఆవిరిపోయి డీజిలు, విద్యుత్తు వచ్చిన తరువాత ఒత్తిడిగాలితో మ్రోగు హారనులు వెలసినవి. అయినను ఎప్పుడు, ఎచ్చట, ఎంతసేపు మ్రోగించవలెననునదియే అసలైన శాస్త్రము. మన దేశమున గేటుకు 600 మీటర్ల ముందుగా పట్టాల ప్రక్కను పసుపుపచ్చని బల్ల యొకటి పాతియుండును. ఇంగ్లీషున దానిపై విజిల్‌కు డబ్ల్యూ, లెవెల్ క్రాసింగుకు ఎల్ అను అక్షరములును, హిందీలో సీటీకి (ఈలకు) సీ, ఫాటక్‌కు (గేటుకు) ఫా అనునవియు వ్రాయుదురు. అది కనబడినది మొదలు గేటు దాటువరకు డ్రైవరు హారను ఎడతెగక మ్రోగించవలెను. అమెరికాలో రెండు దీర్ఘములు, ఒక హ్రస్వము, మరల ఒక దీర్ఘము మ్రోగించుట ఆచారము. మన ఛందస్సులో చెప్పవలెనన్న త-గణముపై ఒక గురువు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఆ 600 మీటర్లను ఇంచుమించు 22 సెకండ్లలో దాటును. ఆ కొద్ది కాలములో పట్టాలమీదివాడు తప్పుకొనవలసినదే గాని, భారమైన బండి అంతలో నిలుచునని తలపరాదు.

కావుననే కూతకు తోడుగా గేటు, గేటుకు తోడుగా గేటుమాన్ ఏర్పడిరి. స్టేషనునుండి టెలిఫోను రాగానే గేటు వేసి, అది వేసినట్లు రుజువుగా రహస్యసంఖ్య నొకదానిని మార్చుకొందురు. ఇంటర్‌లాకింగు గల చోట్ల గేటు పడనిదే సిగ్నలు దిగదు. గేటు నడుమ లారీ చెడి నిలిచినప్పుడు మాత్రము గేటుమాన్ పని కఠినమగును. అతడు పగలు ఎఱ్ఱజెండాతో, రాత్రి ఎఱ్ఱదీపముతో బండి వచ్చు దిక్కునకు పరుగెత్తి, 600 మీటర్ల దూరమున ఒక పటాసును, 1200 మీటర్ల దూరమున పది మీటర్ల ఎడముతో మూడు పటాసులను పట్టాలపై కట్టవలెను. చక్రము క్రింద అవి ప్రేలినంతనే డ్రైవరు బండి నాపును. వానలో చీకటిలో ఈ పరుగు తీయవలసిన మనిషిని, గేటు వేసినందులకు రోజంతయు మనము తిట్టుచుందుము!

కాపలా లేని గేట్ల విషయమున శాసనము భారమంతయు దారిన బోవువానిపై నుంచినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 131వ సెక్షను ప్రకారము డ్రైవరు వాహనము నాపగా, కండక్టరో క్లీనరో దిగి నడచిపోయి రెండు దిక్కులు చూచి రావలెను. ఎవరును లేనియెడల డ్రైవరే దిగవలెను. దిగువారు అరుదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటవద్ద కాపలా లేని గేటులో బడిబస్సును ప్యాసింజరు రైలు గ్రుద్దగా పదిమందికి పైగా బాలబాలికలు అసువులు బాసిరి. గేట్లన్నిటిని అయిదేండ్లలో తొలగింపవలెనని రైల్వే భద్రతను పరిశీలించిన అనిల్ కాకోడ్కర్ సంఘము 2012లోనే చెప్పియుండెను. బ్రాడ్‌గేజి మార్గములపై కాపలా లేని గేట్లు 2019 జనవరి 31 నాటికి అంతరించినవి; కాపలా గల గేట్లు అనేకము నేటికిని మిగిలియున్నవి.

ఇక కోనసీమ సంగతి. జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకరుగా నున్న కాలమున పునాది పడిన కోటిపల్లి–నరసాపురము మార్గము, మూడు నదీపాయలపై వంతెనలతో, సుమారు 57 కిలోమీటర్లు సాగవలసినది. క్రొత్తగా వేయు మార్గములపై లెవెల్ క్రాసింగులు ఉండరాదన్నది రైల్వేవారి నేటి విధానము గనుక, ఇక్కడ రైలు గేటు లేకయే రాగలదు. గేటు లేనిచో దారి పట్టాల మీదుగానో, క్రిందుగానో పోవలెను. రెండడుగులు త్రవ్విన నీరూరు ఈ నేలలో క్రింది దారులు త్రవ్వుట నాకు నచ్చదు. ఆషాఢశ్రావణములలో వాన కురిసినంతనే అవి చెరువులగును, కొబ్బరిలోడు లారీ ఎత్తునకును చాలవు. పట్టాల గట్టు ఎత్తుచేసి, పుంతలకును రోడ్లకును ఏ చోట ఎంత వెడల్పు ఖాళీ విడువవలెనో, అచ్చట నిలుచు వాననీరు ఏ మురుగుకాలువలోనికి పోవలెనో రైల్వేవారు గ్రామస్థులతో ముందుగానే తేల్చుకొనవలెను.