కోనసీమ మీద పడ్డ నీడ

1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం అంటే గుంటూరే గుర్తొస్తుంది. సూర్యుడి అంచున ఎగసే మంటల్లో హైడ్రోజన్ ఉందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ పట్టుకున్నది అక్కడే. మర్నాడు గ్రహణం లేకుండానే ఆ మంటల్ని మళ్ళీ చూశాడు. బందరులో మద్రాసు వేధశాల పాగ్సన్. బావుంది. కానీ ఆ నీడ వెడల్పు 200 కిలోమీటర్ల పైమాటే. సముద్రంలోకి పోతూ పోతూ గౌతమీ వశిష్ఠల మధ్యనున్న మా కొత్తపేటనీ, చుట్టూ లంకల్నీ కూడా కప్పింది.

పంచాంగం లెక్కన ఆ రోజు శ్రావణ అమావాస్య, అంటే పోలాల అమావాస్య. తల్లులు పిల్లల కోసం కందమొక్కకి పూజచేసే రోజు. పడవ దాటితేగానీ చేరలేని లంకలు, వరదకాలపు గోదారి, పొద్దున్నే చీకటి! దూరదర్శినులున్న చోట సెకన్లతో సహా రాసిపెట్టుకున్నారు. ఏటి నడుమ పడవవాడు తెడ్డు ఆపాడో లేదో, ఆ పూట కందపూజ గ్రహణానికి ముందు చేశారో, విడుపు స్నానాలయ్యాక చేశారో, నేను వెతికినంతలో ఎక్కడా దొరకలేదు.